కప్పిన కండువా

ఆ హోటల్ పేరు నేను రాయను. తిట్టడానికి రాసినా దానికి ఊరికే ప్రచారం చేసినట్టే అవుతుంది, ఆ పుణ్యం నాకొద్దు. చౌటుప్పల్ దాటి నల్గొండ వైపు పోతుంటే హైవే పక్కన ఇప్పుడు అలాంటివి చాలా వెలిశాయి. ముందర సిమెంటు ఎడ్లు, ఎటూ కదలని ఎడ్లబండి, తాటాకు కప్పు కింద ఏసీ మిషన్లు. కార్లలో పోయేవాళ్లకు అచ్చమైన పల్లెటూరు చూపిస్తామని ఇంత పెద్ద బోర్డు. చుట్టూ నిజం పల్లెటూళ్లే ఉండగా వాటి మధ్యలో ఒక దొంగ పల్లెటూరు కట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, ఆ రోజు అందులోకి కారు తిప్పింది మాత్రం నేనే. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు.

నేను నల్గొండ దగ్గర ఒక సర్కారు బడిలో టీచర్ని. అమ్మా బాపూ పోచంపల్లిలో ఉంటారు. బాపు నేతపని చేస్తాడు. యాభై ఏళ్లకు పైగా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి. వానాకాలంలో సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో చూపించినప్పుడల్లా ఒకసారి పోయి చూడాలె అనేవాడు, అని మళ్లీ మగ్గంలోకి దిగేవాడు. మా ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే ఉన్న డ్యాము. దాని గేట్లలోంచి నీళ్లు దూకడం చూడకుండానే ఆయనకు డెబ్బై దగ్గరపడ్డాయి. నేను సెకండ్ హ్యాండ్ కారు కొన్న రెండో ఏడు, హైవే మీద లారీలకు భయపడకుండా నడపగలనన్న ధైర్యం వచ్చాక, ఒక ఆదివారం పోచంపల్లి వెళ్లి ఇద్దరినీ ఎక్కించుకుని బయలుదేరాను.

అమ్మ తెల్లవారుజామునే లేచి జొన్నరొట్టెలు చేసి, ఉల్లిగడ్డ కారం నూరి, పెరుగన్నం కలిపి స్టీలు డబ్బాల్లో సర్దింది. ఆ సంచి డిక్కీలో పెడుతుంటే నేను నవ్వాను. ఇవాళ రోడ్డు పక్కన చెట్టు నీడ వెతుక్కుని తినేది లేదు, మంచి హోటల్లో కుర్చీలేసి కూర్చోబెట్టి తినిపిస్తానని గొప్పకు పోయాను. జీతం తెచ్చుకునే కూతురిని కదా. ఆ గొప్పే నా కొంప ముంచింది.

గేటు లోపల ఒకావిడ ఇత్తడి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. కాళ్లకు కడియాలు, ముక్కుకు పెద్ద పుల్ల, పిక్కల పైదాకా ఎగ్గట్టిన చీర. ఆ కట్టు ఆమెకు అలవాటు లేదని చూడగానే తెలుస్తోంది, మాటిమాటికీ కొంగు కిందికి లాక్కుంటోంది. పల్లెటూరి ఆడమనిషి అంటే ఎలా ఉండాలో హైదరాబాద్‌లో ఎవరో ఏసీ గదిలో కూర్చుని నిర్ణయించి ఉంటారు. మిట్టమధ్యాహ్నం బండలు కాలుతుంటే ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు.

అమ్మకూ నాకూ బొట్టు పెట్టింది. ఆడవాళ్లకు బొట్టు, మగవాళ్లకు కండువా అన్నది అక్కడి లెక్క. పళ్లెంలోంచి మా పోచంపల్లి చిటికి డిజైనున్న ఎర్రటి కండువా తీసి, రెండు చేతులతో విప్పి, బాపు ముఖంలోకి చూసి నవ్వి, మెడ చుట్టూ కప్పింది. దండం పెట్టి, "మా ఇంటికొచ్చిండ్రు, సంతోషం బాపూ" అంది. పక్కన కెమెరా పట్టుకున్నతను ఫోటో తీశాడు.

బాపు ముందు చెప్పులు విడిచాడు. తర్వాత కండువా రెండు కొసలూ పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. చొక్కా జేబులో వెతికి వంద నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "సల్లగుండు చెల్లె" అన్నాడు. మా ఇళ్లల్లో పద్ధతి అది. ఒకరు మన మీద బట్ట కప్పితే కాదనకూడదు. తిరిగి ఇవ్వకూడదు. వాళ్ల గడప దాటేదాకా ఒంటి మీద నుంచి తీయకూడదు. కప్పిన చేతిని ఖాళీగా ఉంచకూడదు. ఆమెకు ఆ నోటు ఏం చేయాలో తోచలేదు. అటూ ఇటూ చూసి పిడికిట్లో దాచుకుంది.

అది ఫోటో కోసం కప్పే కండువా అని, పోయేటప్పుడు తీసేసుకుంటారని నాకు అప్పుడే తెలుసు. పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు ఇలాంటి వేషాలు చూశాను. చెప్పబోయాను. బాపు ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆయన అంత నిటారుగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. మగ్గం మీద వంగీ వంగీ ఒంగిపోయిన వీపు ఎక్కడి నుంచి అంత సాగిందో.

దానికి వెనక ఒక కథ ఉంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు మా ఊళ్లో నేత కార్మికులకు సన్మాన సభ పెట్టారు. ఆ సభలో కప్పడానికి పట్టు శాలువాలు నేసింది బాపు. పన్నెండు రోజులు రాత్రనక పగలనక నేశాడు. సభ రోజు తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. స్టేజీ మీద నూలు అమ్మే సేటుకు కప్పారు, చీరలు కొని హైదరాబాద్‌లో అమ్మే షావుకారుకు కప్పారు, మైకు పట్టుకున్నాయనకు కూడా కప్పారు. నేసినవాళ్లలో ఇద్దరిని పిలిచారు, ఆ ఇద్దరూ ఎవరి చుట్టాలో ఊరందరికీ తెలుసు. బాపు ఇంటికొచ్చి చొక్కా విప్పి వంకెకు తగిలించి, శాలువాల అంచు బాగా కుదిరింది, దూరం నుంచి చూస్తే తెలిసింది అన్నాడు. అంతే. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఆ మనిషి మెడలో మొదటిసారి ఎవరో దండం పెట్టి కండువా కప్పితే, అది ఉత్తదే బాపూ అని ఏ నోటితో చెప్పను?

సరే, లోపలికి వెళ్లాం. ఏసీ గదిలో కూర్చుంటే వేరే చార్జి అన్నారు, తాటాకు గుడిసెలో కూర్చున్నాం. అక్కడొక మగ్గం కూడా పెట్టారు, దాని మీద ప్లాస్టిక్ పూలకుండీలు సర్దారు. బాపు ఒకసారి అటు చూసి తల తిప్పుకున్నాడు. మెనూ చూసి నేను నోరు వెళ్లబెట్టాను. ఒక జొన్నరొట్టెకు వాళ్లు రాసుకున్న ధరతో మా అమ్మ వారానికి సరిపడా జొన్నలు కొని పట్టిస్తుంది. సర్వపిండి అని రాసి ఉంటే తెప్పించాను. గిన్నె అడుగంతా పరిచి కాల్చాల్సిన సర్వపిండి, చిన్నపిల్ల అరచేయంత వచ్చింది. దాని పక్కన టమాటా సాసు.

అమ్మకు తిండి తక్కువ. తను నా తళ్లెలోనే రెండు ముద్దలు తింటానంది. అట్లా కుదరదు మేడం, ఒక తళ్లెలో ఒకరే తినాలి, ఇద్దరు తింటే ఇంకో తళ్లెకు బిల్లు వేస్తాం అన్నాడు వడ్డించేవాడు. తల్లీ బిడ్డా ఒక కంచంలో తినడానికి కూడా పర్మిషన్ కావాలా అని నాకు ఒళ్లు మండింది. సరే అని మూడు తళ్లెలు చెప్పాను. అమ్మ పచ్చిపులుసు నోట్లో పెట్టుకుని కాసేపు ఆగింది. "గిందుల చక్కెర పోసిండ్రు" అంది నెమ్మదిగా, ఎవరో చచ్చిపోయిన కబురు చెప్పినట్టు.

రొట్టె అట్టముక్కలా ఉంది. అన్నం చల్లారిపోయింది. నేను ప్రతి ముద్దకూ సణిగాను. ఫ్యాను గాలి బాపు దాకా రావడం లేదు, మెడ మీద చెమట కారుతోంది. కూర మరక పడకుండా కండువా కొసలు రెండూ వెనక్కి వేసుకుని, కంచం మీదికి వంగకుండా, ముద్ద ముద్దకూ చెయ్యి పైకెత్తి తింటున్నాడు. ఉక్కపోస్తోంది కదా, తీసి పక్కన పెట్టుకో బాపూ అన్నాను. అలా అయినా తీస్తే మెల్లగా కుర్చీ మీదే వదిలేసి వెళ్లిపోవచ్చని నా తెలివి.

"కప్పినోళ్ల ఇంట్ల కూసోని తీస్తరా బిడ్డా?" అన్నాడు. పప్పు ఇంకొంచెం వేయించుకున్నాడు.

బిల్లు వచ్చింది. నేను లెక్కల టీచర్ని కాను గానీ ఆ కాగితం మూడుసార్లు చదివాను. తిండి సంగతి వదిలేయండి, అది చూసే కూర్చున్నాం. కింద సర్వీసు అని ఒకటి. దాని కింద స్వాగతం అని మరొకటి, మనిషికి ఇంత చొప్పున ముగ్గురికి. బొట్టు పెట్టినందుకు. దండం పెట్టినందుకు. మా ఇంటికొచ్చిండ్రు, సంతోషం అన్నందుకు. ఇంటికొచ్చిన మనిషికి సంతోషం అని చెప్పి దానికి బిల్లు వేసే జాతి ఈ భూమి మీద ఉంటుందని నేను అనుకోలేదు.

కౌంటర్ దగ్గరికి వెళ్లి అడిగాను. మెడలో ట్యాగు వేసుకున్న మేనేజర్ చాలా మర్యాదగా నవ్వాడు. అలాంటి మర్యాద చూస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. అది మా దగ్గర అనుభవంలో భాగం మేడం అన్నాడు. ఏ అనుభవమయ్యా, పచ్చిపులుసులో చక్కెర తాగిన అనుభవమా అన్నాను. పక్క టేబుళ్ల వాళ్లు తలలు తిప్పారు. నేను ఊరుకోలేదు. బడిలో మూడొందల మంది పిల్లల మీద అరిచే గొంతు నాది. మూడు స్వాగతాలకు డబ్బులు తీసుకున్నారు కాబట్టి ఆ కండువా ఇక మాదేనని, దాన్ని ఎవరూ అడగకూడదని గట్టిగా చెప్పాను. బాపుకు వినపడకుండా సర్దుబాటు చేస్తున్నాననుకున్నాను. ఆ గుడిసెలో వినపడనిది ఎవరికి?

మేనేజర్ నవ్వు ఆగిపోయింది. కండువాలు హోటల్‌వి, ఫోటో వరకే అన్నాడు. నా వెనక్కి చూసి, గేటు దగ్గరున్న ఆవిడను కేకేశాడు. పెద్దాయన దగ్గర కండువా ఎందుకు తీసుకోలేదని అందరి ముందూ అడిగాడు.

నేను తిరిగి చూసేసరికి బాపు చెయ్యి కడుక్కుని వచ్చి నా వెనకే నిలబడి ఉన్నాడు. మెడలో కండువా అలాగే ఉంది. గేటు నుంచి ఆవిడ వచ్చింది. వచ్చి బాపుకు రెండడుగుల దూరంలో ఆగిపోయింది. చెయ్యి చాపలేదు. నేల చూస్తూ మాట్లాడింది.

"ఏమనుకోకు బాపూ. ఒకటి తక్కువైతే నా జీతంల పట్టుకుంటరు."

ఆమె పిడికిలి విప్పి, ఇందాకటి వంద నోటు ముందుకు చాపింది. అది చెమటకు తడిసి మెత్తబడిపోయి ఉంది. ఆమె మాట యాస పాలమూరు వైపుది. ఏ ఊరు నుంచి వచ్చి ఇక్కడ ఎండలో ఊరివేషం వేస్తోందో. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కండువా కొంటాను, ధర చెప్పమన్నాను మేనేజర్‌తో. చెప్పాడు. అసలైన పోచంపల్లి చేనేత మేడం అని కూడా చెప్పాడు. బాపు చేతికి మూడు రోజుల పనికి వచ్చే కూలి కంటే ఎక్కువ. ఇవ్వడానికి ఫోను తీశాను.

"వద్దు" అన్నాడు బాపు. నాతోనే అన్నాడు, నా వైపు చూడకుండా.

కండువా తీశాడు. అంచుకు అంచు కలిపి నిలువుగా మడతపెట్టాడు. యాభై ఏళ్లుగా మడతపెట్టిన చేతులు, నేనంత కోపంలో ఉన్నా ఆ మడత వంకర లేకుండా ఉండటం చూశాను. కళ్లకు అద్దుకున్నాడు. ఆమె చేతికి ఇస్తాడనుకున్నాను. ఇవ్వలేదు. మళ్లీ విప్పి, ఆమె భుజాల మీద కప్పాడు. దండం పెట్టాడు. నోటున్న ఆమె పిడికిలిని తన రెండు చేతులతో మూసేశాడు.

ఆవిడ కదల్లేదు. ఎవరో ఏదో కప్పితే ఎలా నిలబడాలో మా బాపుకు గంట కిందట తెలిసినంత కూడా ఆమెకు తెలిసినట్టు లేదు. మేనేజర్ ఏదో లెడ్జరులోకి తల దించుకున్నాడు. అప్పుడే బయట కారు హారన్ వినపడింది. ఆవిడ ఉలిక్కిపడి గేటు వైపు పరుగెత్తింది. మేం బిల్లు కట్టి బయటికొచ్చేసరికి, తన భుజాల మీది కండువా తీసి, దులిపి, నిక్కరు వేసుకున్న ఒకాయన మెడలో కప్పుతోంది. మా ఇంటికొచ్చిండ్రు, సంతోషం అంటోంది. ఆయన ఫోను చూసుకుంటూ తల ఇటు వంచాడు.

కారు నడుపుతూ నేను హోటల్ వాళ్లను ఏడు తరాలు తిట్టాను. ఫిర్యాదు రాస్తానన్నాను, పేపర్లో వేయిస్తానన్నాను. అమ్మ కాసేపు విని, చిట్యాల దాటాక కారు పక్కకు ఆపమంది. డిక్కీ తీసి సద్ది సంచి ముందుకు తెచ్చుకుంది. ముగ్గురం మళ్లీ తిన్నాం, ఆకలి వేసి కాదు, నోటికి పట్టిన ఆ చక్కెర పోవడానికి. సగం రొట్టె తిన్నాక బాపు మాట్లాడాడు.

"అది ప్రింటు బిడ్డా."

నాకు అర్థం కాలేదు. ఆ కండువా నేసింది కాదని, మిల్లు గుడ్డ మీద మన డిజైను అచ్చు వేశారని చెప్పాడు. దారాన్నే ముందు రంగులో ముంచి నేస్తే బట్టకు రెండు పక్కలా ఒకే రంగు ఉంటుందట, దానికి వెనకంతా తెల్లగా పాలిపోయి ఉందట. ఎప్పుడు తెలిసింది అని అడిగాను. మెడ మీద పడగానే తెలిసిందన్నాడు. మా ఊళ్లో మగ్గాలు ఒక్కొక్కటిగా అటకెక్కింది ఆ ప్రింటు గుడ్డల వల్లే. తన కడుపు కొట్టిన గుడ్డను మెడలో వేసుకుని, ఉక్కపోతలో, మరక పడకుండా కాపాడుకుంటూ అన్నం తిన్నాడన్నమాట. నాకు కోపం ఆగలేదు. అక్కడే ఎందుకు చెప్పలేదు, ఆ మేనేజర్ మొహాన కొట్టేదాన్ని కదా అన్నాను.

"ఆమె నా మొకం సూస్కుంట కప్పింది. గప్పుడు బట్టను తిప్పి సూస్తే ఏం బాగుంటది?"

సాగర్ వెళ్లాం. మేం వెళ్లేసరికి గేట్లు చాలావరకు దించేశారు, రెండింటిలోంచి మాత్రం నీళ్లు పడుతున్నాయి. బాపు రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశాడు. బాగుంది అన్నాడు. గేట్లన్నీ ఎత్తి ఉండగా చూసినట్టే అన్నాడు ఆ మాట.

పోచంపల్లి చేరేసరికి రాత్రయింది. అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లింది, నేను మగ్గం గదిలోకి వెళ్లి లైటు వేశాను. అక్కడ గూట్లో తెల్ల గుడ్డలో కట్టిన మూట ఉంది. అది నాదే. మా బడిలో ప్రతి ఏడూ వార్షికోత్సవం చేస్తాం, వచ్చిన పెద్దలకు కండువాలు కప్పుతాం. ఆ కండువాలు బాపు దగ్గరే నేయిస్తాను. బడి డబ్బులు తక్కువ కదా అని నేనే బేరమాడి కూలి తగ్గిస్తాను, కూతురినని ఆయన ఏమీ అనడు. ఇన్నేళ్లలో మండల ఆఫీసర్లకు కప్పాను. సర్పంచులకు, వాళ్ల బామ్మర్దులకు కప్పాను. బడికి గడియారం ఇచ్చిన రియల్ ఎస్టేట్ ఆయనకు రెండుసార్లు కప్పాను. కప్పేటప్పుడు ఫోటో వైపు చూశానే తప్ప ఎవరి ముఖమూ చూసిన గుర్తు లేదు. బాపును ఆ సభకు ఒక్కసారి కూడా పిలవలేదు. ఆ ఆలోచన రాలేదు, అదీ నిజం. హైవే పొడుగునా ఎవరిని తిట్టుకుంటూ వచ్చానో ఆ మూట ముందు నిలబడ్డాక నాకు తెలిసింది.

ముడి విప్పాను. అయిదున్నాయి, నీలం రంగువి. పైది తీసి విప్పాను. రెండు పక్కలా ఒకటే నీలం. బాపును పిలిచాను, ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. నేను ఆయన ముఖం చూస్తూనే కప్పాను. దండం పెట్టాను.

బాపు కొసలు కళ్లకు అద్దుకోలేదు. వేళ్లతో అంచు తడిమి చూశాడు. నా మీద కోపం లేదు ఆయనకు, అదే నేను భరించలేకపోయింది. మెడలోంచి తీసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టాడు.

"గివి మీ బడికొచ్చేటోళ్లయి గద బిడ్డా" అన్నాడు. "ఒకటి తక్కువైతే నీకే మాటొస్తది."

మిగతా నాలుగింటి మీద దాన్ని పెట్టి, అయిదూ ఉన్నాయో లేదో మళ్లీ ఒకసారి చూసుకుని, మూట కట్టేశాడు.